పొద కదిలితే గురి కాదు: గొలుగొండ కొండల్లో వేట, తుపాకీ, బాధ్యత

చైత్రం వచ్చిందంటే మన్యంలో ఇటుకల పండుగ వస్తుంది. విత్తనాలను దేవత ముందు పెట్టి పూజ చేస్తాం. ఆడవాళ్లు చేయీ చేయీ కలిపి థింసా ఆడతారు. మగవాళ్లు గుంపులు కట్టి అడవికి వేటకు పోవడం తాతల నాటి ఆచారం. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్ల మీద ఆడవాళ్లు పేడ, బురద చల్లి ఎగతాళి చేయడం కూడా ఆ పండుగలో భాగమే. 1907లో వెలువడిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ అనే అధికారి ఈ చైత్ర వేట గురించీ, ఈ పేడనీళ్ల గురించీ రాశాడు. అంటే మన ఆచారం కనీసం నూరేళ్ల కిందటే కాగితం మీదకు ఎక్కింది.

ఆ ఎగతాళి ఒకప్పుడు నవ్వులాట. విల్లంబులు, బల్లేలు పట్టుకుని పగటిపూట ఊరంతా కలిసి పోయే వేటలో దాని వల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. ఇప్పుడు వేట మారింది. రాత్రిపూట, తలకు లైటు కట్టుకుని, నాటు తుపాకీ భుజాన వేసుకుని ఇద్దరు ముగ్గురు పోతున్నారు. ఉత్త చేతులతో ఇంటికి రాకూడదన్న పట్టుదల ఒకవైపు, చీకటి మరోవైపు. పొద కదులుతుంది. పంది అనుకుంటాడు. వేలు కదులుతుంది. తీరా వెళ్లి చూస్తే అక్కడ పడి ఉన్నది తనతో వచ్చిన బావమరిదో, చిన్నాన్న కొడుకో అవుతాడు. ఇలాంటి వార్త ఏదో ఒక కొండ ఊరి నుంచి వింటూనే ఉన్నాం.

అలా జరిగినప్పుడు ఊళ్లో అందరి నోటా వచ్చే మాట ఒక్కటే: "కావాలని చేశాడా ఏంటి?" ఆ మాట నిజమే. కాని ఆ మాటతో సంగతి ముగిసిపోదు. చట్టం అడిగే ప్రశ్న వేరే ఉంది: "కాల్చే ముందు చూశావా?" మన పెద్దలు అడిగే ప్రశ్న కూడా అదే. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఆ ఒక్క ప్రశ్న గురించే. అది మన కొండలకు ఎక్కడి నుంచి వచ్చింది, కోర్టుల్లో ఎలా నలిగింది, ఈరోజు మన తమ్ముళ్ల మెడకు ఎలా చుట్టుకుంటుంది అన్నది వరసగా చూద్దాం.

విల్లు నేర్పిన క్రమశిక్షణ

బాణం వేసేవాడు జంతువుకు దగ్గరగా పోవాలి. దగ్గరగా పోతే జంతువు కనబడుతుంది. కనబడితేనే గురి కుదురుతుంది. అంటే విల్లుతో వేటాడేవాడికి చూడడం ఒక నీతి మాత్రమే కాదు, అది తప్పనిసరి పని. కొండకమ్మరి కొలిమిలో దిగిన ములుకు ఎంత పదునైనదైనా, చూపు లేనిదే పనికిరాదు.

నాటు తుపాకీ ఆ అవసరాన్ని తీసేసింది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుళ్లు వేసి, పుల్లతో దట్టించి పేల్చే ఈ తుపాకీ ఒక్క దెబ్బకు గుప్పెడు గుళ్లను చిమ్ముతుంది. గుళ్లు విడిపోతూ పోతాయి. పందికి తగిలేవి కొన్ని, దాటిపోయేవి కొన్ని. దాటిపోయిన గుళ్లు ఎక్కడ ఆగుతాయో కాల్చినవాడికి తెలియదు. పైగా మందు చెమ్మగిల్లితే వెంటనే అంటుకోదు. పేలలేదనుకుని తుపాకీని పక్కకు తిప్పిన క్షణాన పేలుతుంది. మందు ఎక్కువైతే గొట్టమే పగులుతుంది. దట్టించిన తుపాకీతో గట్టు ఎక్కుతూ కాలు జారితే, ముందు నడుస్తున్నవాడి వీపే గురి అవుతుంది.

కనబడని దాని మీద కాల్చకూడదన్న బుద్ధి తుపాకీ కంటే పాతది. దశరథుడి కథ మనందరికీ తెలుసు. చీకట్లో నీళ్ల చప్పుడు విని ఏనుగు అనుకుని శబ్దాన్ని బట్టి బాణం వేశాడు. కుండలో నీళ్లు ముంచుకుంటున్న కుర్రవాడు పడిపోయాడు. ఆ కుర్రవాణ్నే మన ఊళ్లలో శ్రవణకుమారుడంటాం. ఆ కథలో రెండు సంగతులు గమనించాలి. చప్పుడుకే బాణం వేయగల విద్యే ఆ రాజు పేరు నిలబెట్టింది, ఆ విద్యే అతన్ని ముంచింది. రెండోది, అతను పారిపోలేదు. దాహంతో ఎదురుచూస్తున్న గుడ్డి తల్లిదండ్రుల దగ్గరికి నీళ్లు తీసుకుని తానే వెళ్లి, జరిగింది తన నోటితో చెప్పాడు. రాజైనా చెప్పాల్సి వచ్చింది.

కృష్ణదేవిపేట తుపాకులు

తుపాకీ అనే మాట వింటే మన గొలుగొండ వాళ్లకు ముందు గుర్తొచ్చేది వేట కాదు, 1922. ఆగస్టు 22న చింతపల్లి, 23న మన మండలంలోని కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర తదితరులు వరసగా దాడి చేశారు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, రెండున్నర వేలకు పైగా తూటాలు వాళ్ల చేతికి వచ్చాయి. అంతవరకు విల్లంబులే ఆయుధంగా ఉన్న మన్యం వీరులకు ఒక్కసారిగా సర్కారు తుపాకులు దొరికాయి.

ఆ తర్వాత నెల రోజులకు, సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగింది మనం గర్వంగా చెప్పుకుంటాం. పోలీసు పటాలం ఆ దారిన వస్తుంటే మాటు వేసినవాళ్లు ముందు నడిచిన భారతీయ సిపాయిలను దాటిపోనిచ్చారు. ఆ తర్వాత వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల మీదే కాల్చారు. మనవాళ్ల మీద తూటా పడకూడదన్నది ఆ దళం పెట్టుకున్న నియమం.

యుద్ధాన్ని వేటతో పోల్చడం మా ఉద్దేశం కాదు. కాని యువత ఒక్క సంగతి ఆలోచించాలి. ప్రాణాల మీదికి వచ్చిన పోరులో, గుబురు చెట్ల మధ్య, నడిచిపోతున్న మనుషుల్లో ఎవరు ఎవరో తేల్చుకునేదాకా ఆ వేళ్లు కదలలేదు. ఎవరినీ చంపే పగ లేని వేటలో, తినడానికి పంది కోసం పోయినవాడు ఎదురుగా ఉన్నది మనిషో జంతువో తేల్చుకోకుండా కాల్చడం ఆ వారసత్వం కాదు. 1924 మే 7న అమరుడైన అల్లూరి సమాధి కృష్ణదేవిపేటలోనే ఉంది. అక్కడ దండం పెట్టే చేతులకు ఈ క్రమశిక్షణ కూడా వారసత్వంగా రావాలి.

చట్టం మన కొండకు వచ్చిన దారి

గొలుగొండ పాత జమీను 1837లో కుంఫిణీ సర్కారు చేతిలోకి పోయింది. 1845 నుంచి 1848 దాకా ఇక్కడి కొండ నాయకులు తిరుగుబాటు చేశారు. ఆ కాలంలోనే, 1839 నాటి చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా పెట్టి సివిల్, క్రిమినల్ అధికారం ఆయనకే ఇచ్చారు. ఏజెన్సీ అన్న మాట అక్కడి నుంచే పుట్టింది. మన పెద్దలకు న్యాయం అంటే ఒకవైపు ఊరి పెద్దల పంచాయితీ, మరోవైపు ఎక్కడో మైదానంలో కూర్చున్న దొర.

1860లో ఇండియన్ పీనల్ కోడ్ తయారై 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఏది నేరపూరిత నరహత్య అని వివరించే 299వ సెక్షన్ కింద కొన్ని ఉదాహరణలు ఇచ్చారు. వాటిలో రెండు పొద గురించినవే కావడం మనకు ఆశ్చర్యం.

మొదటిది: పొద వెనక ఒక మనిషి ఉన్నాడని ఒకడికి తెలుసు. ఆ సంగతి తెలియని మరొకడిని ఉసిగొల్పి ఆ పొద మీద కాల్పిస్తాడు. మనిషి చనిపోతాడు. కాల్చినవాడు ఏ నేరమూ చేయనివాడు కావచ్చు, కాల్పించినవాడు మాత్రం నేరపూరిత నరహత్య చేసినట్టే. రెండోది: ఒకడు పరాయి కోడిని చంపి ఎత్తుకుపోదామని కాలుస్తాడు. పొద వెనక మనిషి ఉన్నాడని అతనికి తెలియదు. ఆ మనిషి చనిపోతాడు. దొంగతనానికి వచ్చినా, చంపాలన్న ఉద్దేశం గానీ చావు రావచ్చన్న ఎరుక గానీ లేదు కాబట్టి అది నరహత్య నేరం కాదు.

ఈ రెండు ఉదాహరణలూ ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 100వ సెక్షన్ కింద అలాగే ఉన్నాయి. చట్టం చూసేది తూటా ఎక్కడ తగిలిందని మాత్రమే కాదు, ఎవరికి ఏం తెలుసు అని కూడా. వేటలో చావు జరిగితే పోలీసులు "మీ ఇద్దరికీ పాత గొడవలు ఉన్నాయా, భూమి తగాదా ఉందా, అతను అటువైపు ఉన్నాడని నీకు తెలుసా" అని అడిగేది అందుకే. ప్రమాదం ముసుగులో పగ తీర్చుకున్న సంగతులు లోకంలో ఉన్నాయి కాబట్టి ఆ ప్రశ్నలు తప్పవు.

కోడి ఉదాహరణ చదివి కొందరు ఊపిరి పీల్చుకోవచ్చు. తొందరపడొద్దు. నరహత్య కానంత మాత్రాన నేరమే కాదని అర్థం కాదు. 1870లో ఆ కోడ్‌లో 304-ఎ సెక్షన్ చేర్చారు. ఉద్దేశం లేకపోయినా, దుడుకుతనంతో గానీ నిర్లక్ష్యంతో గానీ ప్రాణం తీస్తే రెండేళ్ల దాకా శిక్ష అన్నారు. నూటయాభై ఏళ్లకు పైగా వేట ప్రమాదాలకు అంటుకున్న సెక్షన్ ఇదే.

1878లో లిట్టన్ ప్రభువు హయాంలో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకోవడం భారతీయులకు నేరం, యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. సరదా వేటకు పోయిన తెల్ల సిపాయిల తూటాలకు పల్లె జనం బలైన ఘటనలు ఆ రోజుల్లో పత్రికలకు ఎక్కాయి. చివరికి సిపాయిల వేటకు పాసులు, నిబంధనలు పెట్టాల్సి వచ్చింది. పొరపాటు అన్న మాట అధికారం ఉన్నవాడి నోట ఎంత తేలిగ్గా వస్తుందో, చచ్చినవాడి ఇంట్లో ఎంత బరువుగా పడుతుందో మన జనానికి అప్పుడే తెలుసు. మన చేతిలో తుపాకీ ఉన్నప్పుడు కూడా ఆ బరువు మరిచిపోకూడదు.

రెండు తీర్పులు

నాటి కోడ్ 80వ సెక్షన్ ప్రమాదానికి మినహాయింపు ఇచ్చింది. చట్టం ఇచ్చిన ఉదాహరణ గొడ్డలిది. ఒకడు గొడ్డలితో పని చేసుకుంటుంటే పిడి ఊడి, తల ఎగిరి పక్కన నిలబడినవాడికి తగిలి చనిపోతాడు. పనిచేసేవాడు తగిన జాగ్రత్త తీసుకుని ఉంటే నేరం కాదు. ఈ మినహాయింపు దక్కాలంటే షరతులు ఉన్నాయి. చేస్తున్న పని చట్టబద్ధమైనదై ఉండాలి, చేసే పద్ధతి చట్టబద్ధమై ఉండాలి, తగిన జాగ్రత్త ఉండాలి.

1952లో ప్రచురితమైన ఒక నాగపూర్ హైకోర్టు తీర్పు లా విద్యార్థులందరూ చదువుతారు. వాన పడుతుండగా ఒకడు దూరాన కదులుతున్న ఆకారాన్ని హైనా అనుకుని కాల్చాడు. అది మనిషి. అక్కడ మనుషులు ఉంటారని అనుకోవడానికి ఏ కారణమూ లేదని కోర్టు భావించి, చావు విషయంలో ప్రమాదం కింద మినహాయింపు ఇచ్చింది. అతని తుపాకీకి లైసెన్సు లేదు. దానివల్ల మాత్రమే ఆ మినహాయింపు పోదని, లైసెన్సు లేని తుపాకీకి ఆయుధాల చట్టం కింద జవాబు వేరే చెప్పుకోవాలని కోర్టు అంది.

రెండోది మన పొరుగున ఉన్న ఒరిస్సా హైకోర్టు తీర్పు, 1978లో ప్రచురితమైంది. మొక్కజొన్న చేనుకు కాపలా ఉన్న రైతు, చేలో కదలిక చూసి ఎలుగుబంటి అనుకుని బాణం వేశాడు. చేలో దాక్కున్న మనిషి చనిపోయాడు. పంటను కాపాడుకునే పనిలో, నిజంగా ఎలుగుబంటే అని నమ్మి చేసినందున అతనికి శిక్ష పడలేదు.

ఈ రెండు తీర్పులు విని "మాకూ అంతేగా" అనుకునేవాళ్లకు మేము చెప్పేది ఒకటి ఉంది. మొదటి కేసు నాటికి అడవి జంతువును కాల్చడమే నేరం అనే పరిస్థితి లేదు. రెండో కేసులో వేట లేదు, సొంత పంటకు కాపలా ఉంది. పైగా ఇద్దరికీ అక్కడ మనిషి ఉంటాడనుకునే కారణం లేదు. తోటి వేటగాళ్లు చుట్టూ ఉన్నారని తెలిసి పొద మీద కాల్చినవాడి పరిస్థితి పూర్తిగా వేరు.

1972 తర్వాత మారిన లెక్క

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కొన్ని జంతువులకు లైసెన్సు మీద వేట ఉండేది. 1991 సవరణతో అదీ పోయింది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు పోడు భూమి మీద, అటవీ ఉత్పత్తుల మీద హక్కులు ఇచ్చింది. సంప్రదాయ హక్కులన్నిటినీ గుర్తిస్తూనే, వేట హక్కును, జంతువులను పట్టే హక్కును మాత్రం అందులోంచి స్పష్టంగా మినహాయించింది. పట్టా కాగితం చేతిలో ఉంది కాబట్టి పండుగ వేటకు హక్కు ఉందనుకోవడం పొరపాటు. ఈ మినహాయింపు న్యాయమా కాదా అని మనం గ్రామసభల్లో, వేదికల మీద వాదించవచ్చు. కాని కోర్టులో ఒక కుర్రవాడు నిలబడిన రోజున ఆ వాదన అతన్ని కాపాడదు.

దీని ఫలితం ఏమిటంటే, గొడ్డలి ఉదాహరణలోని మొదటి షరతు దగ్గరే మనం ఆగిపోతాం. వేటే చట్టవిరుద్ధం అయినప్పుడు "చట్టబద్ధమైన పని చేస్తుండగా జరిగిన ప్రమాదం" అనడానికి చోటు ఉండదు.

2024 జూలై 1 నుంచి పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఇప్పుడు వేటలో పొరపాటున మనిషి చనిపోతే ఎదురయ్యే సెక్షన్లు ఇవి.

నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే 106(1) సెక్షన్. పాత చట్టంలో రెండేళ్లు ఉన్న గరిష్ఠ శిక్ష ఇప్పుడు ఐదేళ్లు, జరిమానా అదనం. చనిపోకుండా తీవ్ర గాయమైతే 125 సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష. అటువైపు మనుషులు ఉన్నారని తెలిసీ, చావు రావచ్చని ఎరిగీ కాల్చాడని తేలితే అది నిర్లక్ష్యం దాటి 105 సెక్షన్ కిందికి పోతుంది. పదేళ్ల దాకా జైలు. పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ లాగేవాళ్లు కూడా ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. రాత్రి ఆ దారిన మనుషులు నడుస్తారని తెలిసి లాగిన తీగకు మనిషి చచ్చిపోతే అది కూడా ఈ సెక్షన్ దాకా పోవచ్చు.

తుపాకీకి వేరే లెక్క. 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, లైసెన్సు లేని తుపాకీ దగ్గర ఉంటేనే రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల దాకా శిక్ష. దాన్ని తయారుచేసి అమ్మినవాడికి ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా. 21 ఏళ్లు నిండనివాడి చేతికి తుపాకీ ఇవ్వడం ఇచ్చినవాడికీ నేరమే. తాత పేర లైసెన్సు ఉన్నా అది మనవడికి వారసత్వంగా రాదు. తాత పోయాక ఆ తుపాకీని స్టేషనులో అప్పగించి, కావాలంటే సొంత పేర దరఖాస్తు పెట్టుకోవాలి. నిజంగా పంట కాపలాకు అవసరమైన రైతుకు మూతిలోంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఆ చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది. ఆ దారి చాలామందికి తెలియదు. అయితే ఆ లైసెన్సు కాపలాకే గాని వేటకు కాదు.

వీటన్నిటి పైన వన్యప్రాణి చట్టం కేసు. అది కాల్చినవాడి మీదే కాదు, వేటకు కలిసి పోయిన అందరి మీదా పడుతుంది. వేటాడే ప్రయత్నమే ఆ చట్టం దృష్టిలో వేట. జంతువు దొరకలేదు అన్న మాట పనికిరాదు.

గొలుగొండ మండలంలోని మన ఊళ్లు చాలావరకు షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉండిపోయాయి. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు ఏజెన్సీ మండలాలు అల్లూరి జిల్లాలోకి పోయాయి, మనం అనకాపల్లిలో ఉన్నాం. "మనకు ఏజెన్సీ చట్టమా, మైదానం చట్టమా" అని యువకులు అడుగుతుంటారు. భూమి విషయంలో ఆ తేడా చాలా పెద్దది. ఈ నేరాల విషయంలో తేడా లేదు. పైన చెప్పిన చట్టాలు రెండు చోట్లా ఒక్కటే.

పంచాయితీ, మౌనం

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన సంగతి. ప్రమాదం జరిగిన రాత్రి వేటకు పోయినవాళ్లు ఏం చేస్తారు? భయపడతారు. తుపాకీ బయటపడుతుందని భయం, జంతువు మాంసం బయటపడుతుందని భయం. "చెట్టు మీంచి పడ్డాడని చెబుదాం" అంటాడు ఒకడు. "పెద్దల్లో కూర్చుని సొమ్ము కట్టిద్దాం, దహనం చేసేద్దాం" అంటాడు మరొకడు. చచ్చినవాడి ఇంటివాళ్లు కూడా చుట్టాలే. కేసు పెడితే ఇంకో ఇల్లు కూలుతుందని వాళ్లూ తలవంచుతారు.

పెద్దల పంచాయితీని మేము తక్కువ చేయడం లేదు. చచ్చినవాడి భార్యకు, పిల్లలకు తిండి ఎవరు పెడతారు, పొలం ఎవరు దున్నుతారు, రెండు ఇళ్ల మధ్య పగ పుట్టకుండా ఏం చేయాలి అన్న ప్రశ్నలకు కోర్టు కంటే పంచాయితీయే ముందు జవాబు చెబుతుంది. ఆ పని పంచాయితీ చేయాలి, చేస్తూనే ఉండాలి. కాని చావును దాచే అధికారం ఏ పంచాయితీకీ లేదు. ఇది రాజీ కుదుర్చుకుని మూసేసే నేరం కాదు.

పైగా దాచడం వల్ల నేరం పెరుగుతుంది, తగ్గదు. శవాన్ని మాయం చేయడం, తుపాకీని వాగులో పారేయడం, అబద్ధం చెప్పడం సాక్ష్యం చెరిపిన నేరం అవుతుంది. న్యాయ సంహితలో అది 238 సెక్షన్. ఆ నేరం కాల్చినవాడిదే కాదు, శవాన్ని మోసినవాడిది, తెలిసీ మాట కలిపిన పెద్దమనిషిది కూడా. అసలు జరిగింది నిర్లక్ష్యం అయితే, దాచినందుకు చూసేవాళ్లకు అది హత్యలా కనిపిస్తుంది. పోస్టుమార్టంలో గుళ్లు బయటపడ్డాక "పొరపాటు" అన్న మాటను ఎవరూ నమ్మరు. అంటే నిజం చెబితే దొరికే ఒకే ఒక్క రక్షణను మన చేతులతో మనమే చెరిపేసుకుంటున్నాం.

ఇంకో నష్టం ఉంది. కేసు లేకపోతే చచ్చినవాడి కుటుంబానికి చట్టం ప్రకారం పరిహారం అడిగే దారి మూసుకుపోతుంది. పెద్దలు కట్టించిన సొమ్ము ఒక పంటకు సరిపోతుంది. పిల్లలు పెరిగి పెద్దయ్యే దాకా సరిపోదు. వేటలో మాంసం అందరికీ పోగులు వేసుకుంటాం. ప్రమాదం జరిగితే బాధ్యత కూడా అలాగే పోగులు వేసుకోవాలి. బరువంతా చచ్చినవాడి భార్య ఒక్కదాని నెత్తిన పెట్టకూడదు.

దూరదేశపు పాఠం

ఇది మన కొండల బాధ మాత్రమే కాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1988 నవంబరులో ఒక యువతి, ఇద్దరు చంటిపిల్లల తల్లి, తన ఇంటి వెనక పెరట్లో వేటగాడి తూటాకు చనిపోయింది. ఆమె చేతులకున్న తెల్లని తొడుగులను జింక తోక అనుకున్నారన్న మాట వచ్చింది. అక్కడ వేట చట్టబద్ధం, తుపాకీకి అడ్డు లేదు. కేసు నడిచి 1990లో జ్యూరీ ఆ వేటగాణ్ని విడిచిపెట్టింది. ఆమె ఎరుపో నారింజో రంగు బట్టలు వేసుకుని ఉండాల్సింది అన్నవాళ్లు కూడా ఉన్నారు. తన పెరట్లో తాను నిలబడ్డ మనిషిదా తప్పు? ఆ ప్రశ్న ఆ రాష్ట్రాన్ని కుదిపేసింది. 1991లో అక్కడ కొత్త చట్టం చేశారు. దాని ప్రకారం, కాల్చే ముందు ఎదురుగా ఉన్నది ఏమిటో స్పష్టంగా చూసి గుర్తుపట్టాల్సిన బాధ్యత వేటగాడిదే. రంగును బట్టి, చప్పుడును బట్టి, కదలికను బట్టి ఊహించడం కుదరదు.

వేటను అనుమతించే దేశం కూడా చివరికి చేరింది ఈ ప్రశ్న దగ్గరికే: చూశావా?

మేము కోరేది

యువతీ యువకులారా, పండుగను వదలమని మేము అనడం లేదు. విత్తనాల పూజ మనది, థింసా మనది, విల్లు మనది. చాలా ఆటలు కాలంతో మారాయి, వేట కూడా మారవచ్చు. ఇటుకల పండుగ రోజున ఊరి మధ్య గుమ్మడికాయకో, అరటి బొత్తకో గురిపెట్టి విలువిద్య పోటీ పెట్టండి. గురి తప్పినవాడి మీద ఆడపడుచులు పేడనీళ్లు చల్లనీయండి. నవ్వు మిగులుతుంది, ప్రాణం కూడా మిగులుతుంది.

ఇంట్లో అటక మీద నాటు తుపాకీ ఉంటే దాని సంగతి తేల్చండి. పోలీసులు గ్రామాల్లో చాటింపు వేసి, స్వచ్ఛందంగా అప్పగించినవాటిని తీసుకున్న సందర్భాలు మన మన్యంలో ఉన్నాయి. ఊరి పెద్దలను, వకీలును వెంటబెట్టుకుని ఆ పని చేయండి. ఒంటరిగా భయపడుతూ దాచుకోవద్దు.

ఎక్కడైనా ప్రమాదం జరిగిపోతే ఈ వరస గుర్తుంచుకోండి. ముందు మనిషిని బతికించండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టండి. గుళ్లను లాగే ప్రయత్నం చేయొద్దు. డోలీ కట్టి రోడ్డు దాకా మోస్తూనే 108కి ఫోను చేయండి. తుపాకీని ముట్టుకోకుండా ఉన్నచోటే ఉంచండి. పోలీసులకు 112 ద్వారా గానీ, స్టేషనుకు వెళ్లి గానీ జరిగింది జరిగినట్టు చెప్పండి. గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు. 15100 నంబరుకు ఫోను చేస్తే వకీలు దొరుకుతాడు. కాల్చినవాడికీ దొరుకుతాడు, చచ్చినవాడి కుటుంబానికీ దొరుకుతాడు.

చెల్లెళ్లకు, అక్కలకు ఒక మాట. ఉత్త చేతులతో ఇంటికి వచ్చినవాణ్ని ఈ ఏడాది మరో విధంగా ఎదుర్కోండి. చీకట్లో పొద కదిలితే వేలు ఆపుకుని, ఏమీ తేకుండా తిరిగొచ్చినవాడు వీరుడే. దామనపల్లి కనుమలో సిపాయిలను దాటనిచ్చినవాళ్ల మనవడు అతనే. అతని మీద పేడనీళ్లు కాదు, పసుపు నీళ్లు చల్లండి.